తెల్ల గుసో

ఆ ఏడు నైరుతి గాలి ఆలస్యంగా మొదలైంది. గాలి మొదలైతే మా దీవిలో రెండు ఆగిపోతాయి. ఒకటి పట్నం పడవ, రెండోది తడికల మీద గుసో ఎండడం. పడవ ఆగినందుకు మా అత్త తిక్యాంగ్ ఏనాడూ దిగులు పడలేదు. ఆమెకు పట్నంతో పనేముంది? గుసో ఎండకపోతే మాత్రం మబ్బుల్నీ, మబ్బుల మీద కూర్చున్న పునీతుల్నీ పేరు పేరునా నిలదీసేది.

గుసో అంటే సముద్రపు నాచు. మాకు పంటా అదే, కూరా అదే. నడుం లోతు నీళ్ళలో గుంజలు పాతి, గుంజలకి తాళ్ళు కట్టి, తాళ్ళకి నాచు ముక్కలు ముడేస్తాం. అవి గుబురుగా పెరిగాక కోసి తెస్తాం. నీళ్ళలోంచి తీసినప్పుడు అది ముదురు గోధుమ రంగులో, ఒక్కోసారి ఊదా రంగులో ఉంటుంది. దాన్ని అలాగే వేడి నీళ్ళలో ఒక్క ముంచు ముంచి, పులిసిన కొబ్బరికల్లు, అల్లం, పచ్చిమిర్చి కలుపుకుని తినేస్తారు ఎదురు దీవి వాళ్ళు. నేను ఎదురు దీవి దాన్నే. మా అత్తగారి దీవిలో అలా తినేవాళ్ళని మనుషుల కింద జమకట్టరు. ఇక్కడ గుసోని మంచినీళ్ళు చల్లి ఎండబెడతారు, మళ్ళీ చల్లి మళ్ళీ ఎండబెడతారు. రంగంతా కారిపోయి, చివరికి బియ్యపు సేమియాలా తెల్లగా తేలుతుంది. ఆ తెల్లది మనుషులకి. నల్లగా మిగిలిన తుక్కూ, కడిగిన రంగు నీళ్ళూ పందికి.

మా దీవిలో బావి లేదు. వాన నీళ్ళ తొట్టి ఒక్కటే దిక్కు. తాగే నీళ్ళు తీసి నాచు కడిగి నీ కంచంలో పెట్టిందంటే, ఆ ఇల్లాలు నిన్ను నెత్తిన పెట్టుకున్నట్టే లెక్క. మా అత్త చేతి గుసో అంత తెల్లగా ఇంకెవరిదీ ఉండేది కాదు. పెళ్ళిళ్ళకీ, జాతరలకీ ఆమె దగ్గరికే వచ్చి అడిగి పట్టుకెళ్ళేవాళ్ళు.

నాకొక్కటే విచిత్రంగా ఉండేది. అదే గుసో సముద్రంలో ఉండగా తెల్లబడితే జబ్బు చేసిందని గుండెలు బాదుకుంటాం. ఒడ్డుకొచ్చాక తెల్లబడితే మురిసిపోతాం. ఈ మాట నా మొగుడు తెర్యోతో అని నవ్వేదాన్ని. వాళ్ళమ్మ ముందు నవ్వే తెలివితక్కువదాన్ని కాను.

గాలి మొదలయ్యేసరికి నాకు ఆరో నెల. దీవులన్నీ తిరిగే కొన్సింగ్ నర్సమ్మ ఆఖరి పడవలో వచ్చి నన్ను గుమ్మంలో వెలుతురుకి కూర్చోబెట్టింది. నా కింది రెప్ప లాగి చూసింది. రెండో కన్నూ చూసింది. గోళ్ళు నొక్కి చూసింది. ఆ తర్వాత నాతో కాకుండా మా అత్తతో మాట్లాడింది.

“రక్తం బొత్తిగా లేదు తిక్యాంగ్. లుదిన్ రెప్ప కూడా ఇలాగే ఉండేది.”

లుదిన్ తెర్యోకి అక్క. నేను కాపరానికి రాకముందే పోయింది. తొలి కాన్పుకి అమ్మ దగ్గరికి వచ్చి, బిడ్డ అడ్డం తిరిగి, రక్తం ఆగక పోయింది. పట్నం తీసుకెళ్దామని పడవ ఎక్కించారుగానీ గాలికి సగం దారిలోనే తిప్పేశారు. తల్లీ బిడ్డా ఒకే గోతిలో ఉన్నారు. ఆ ఇంట్లో ఆ పేరు పెద్దగా ఎవరూ పలకరు. నర్సమ్మ పలికిందంటే అవసరం ఉండే పలికింది.

నా కాన్పు కూడా సరిగ్గా గాలి కాలంలోనే వస్తుందని నర్సమ్మ చెప్పింది. ముందే పోయి కూర్చోవడానికి పట్నంలో మాకెవరున్నారు? రక్తం పడితే ఇక్కడే తన చేతుల మీద కంటాను, పడకపోతే పడవ దొరుకుతుందని తాను మాటివ్వలేనంది. ఎర్ర మాత్రల పొట్లం ఒకటి నా ఒళ్ళో పెట్టి, రోజుకొకటి మానకుండా మింగమంది. ఆకుకూరలు, చేపలు, కాలేయం, ఏది దొరికితే అది తినమంది.

మా అత్త అంతా విని తల ఊపింది. “నువ్వు బెంగ పెట్టుకోకు నర్సమ్మా. లుదిన్‌ని ఎలా చూసుకున్నానో దీన్నీ అలాగే చూసుకుంటాను,” అంది.

చూసుకుంది కూడా. అత్త మంచితనం, వేప తీపితనం ఉండవంటారుగానీ, మా అత్త ఆ సామెతకి చిక్కే మనిషి కాదు. బరువు ఎత్తనిచ్చేది కాదు. వంగి తాళ్ళు కట్టనిచ్చేది కాదు. పొద్దున్నే కంచం నిండా తెల్ల గుసో కలిపి ముందు నాకు పెట్టాకే తన కంచం తీసేది. ఎండ తొంగి చూసిన పూటల్లా తడికలు బయటికి మోసేది, చినుకు పడితే లోపలికి మోసేది. ఆమె నడుం అప్పటికే వంగిపోయింది. అయినా నా కోసం కడిగేది రెండింతలు చేసింది. మూడు తడుపులకి తెల్లబడేదాన్ని ఆరేడు తడుపులు తడిపేది.

కడుపుతో ఉన్నది దేని మీద మనసు పడి తింటే బిడ్డకి ఆ పోలిక వస్తుందని మా వైపు అందరూ నమ్ముతారు. నేరేడు పళ్ళు తింటే నల్లగా పుడతారు, లేత కొబ్బరి తింటే తెల్లగా పుడతారు. మా అత్త మంచి నలుపు. ఆమె అత్త ఆమెను బతికినన్నాళ్ళూ పేరు పెట్టి పిలవలేదు, మసికుండ అనే పిలిచేదట. అందుకని ఈ తరంలోనైనా ఒక తెల్ల పిల్ల ఆ గుమ్మంలో పాకాలని ఆమె కోరిక. తన కాన్పులన్నిటికీ ఆమె తెల్ల గుసోనే తిన్నది, పుట్టినవాళ్ళంతా ఆమె రంగే. ఆ సంగతి ఆమెకు ఎవరు చెబుతారు? తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు.

మాత్రల సంగతి దగ్గర చిక్కు వచ్చింది. అవి మింగడం మొదలుపెట్టిన కొద్ది రోజులకి నాకు విరేచనం బొగ్గులా నల్లగా అవుతోంది. తొలిచూలుదాన్ని, భయపడిపోయి మా అత్తకే చెప్పాను. ఆమె పొట్లం తెప్పించి, ఒక మాత్ర తీసి ఎండకి పట్టుకుని చూసింది.

“ఎర్రది మింగితే నల్లగా పోతోందంటే లోపల అది ఏం చేస్తోందో నువ్వే ఆలోచించు పిల్లా. పిల్ల ఉన్నదీ ఆ కడుపులోనే కదే.”

ఆ మాటలో ఏదో సబబు ఉన్నట్టే తోచింది నాక్కూడా. ఆమె పొట్లం తీసుకెళ్ళి పునీతుడి బొమ్మ కింద రేకు పెట్టెలో పెట్టి తాళం వేసింది. నర్సమ్మ వస్తే అడుగుదామనుకున్నాం. గాలికి నర్సమ్మ ఎలా వస్తుంది?

గాలి ఒక వారం ఊపిరి తీసుకున్నప్పుడు పడవలో ఒఫీలియా అనే ఆవిడ వచ్చింది. పట్నంలో కాలేజీలో రసాయనశాస్త్రం చెబుతుందట. మా దీవుల్లో జనం తినే నాచుల్లో ఒంటికి పనికొచ్చేవి ఏమేం ఉన్నాయో, ఎంతెంత ఉన్నాయో తేల్చాలని తిరుగుతోంది. తేలితే బడి పిల్లల మధ్యాహ్నం తిండిలో పెట్టించవచ్చని ఆశ. దీవిలో మంచి గుసో ఎక్కడుందంటే అందరూ మా ఇల్లే చూపించారు. మా అత్త ముఖం వెలిగిపోయింది. కంచం నిండా పెట్టింది, ఆవిడ మొహమాటం లేకుండా రెండోసారి పెట్టించుకుని తిన్నది. వెళ్ళేటప్పుడు పరీక్షకి కొంచెం కావాలంటే మా అత్త జాడీ దింపి, జాతర కోసం దాచిన అన్నింటికన్నా తెల్లది మూటగట్టింది.

“ఇది కాకుండా, సముద్రంలోంచి తీసింది తీసినట్టు కూడా కాస్త ఇప్పించండమ్మా, కడక్కుండా,” అంది ఒఫీలియా.

మా అత్త తెల్లబోయింది. కాలేజీ వాళ్ళకి పంది మేత పంపించిందని రేపు నలుగురూ అంటే తన పరువేం కావాలని అడిగింది. ఒఫీలియా నవ్వి, అది కాలేజీకి కాదు, పొయ్యికి, కాల్చి చూస్తాను అంది. కాల్చడానికే అయితే సరేనని మా అత్త ఒప్పుకుంది. తెర్యో రెండు గుప్పెళ్ళు కోసుకొచ్చి ఇచ్చాడు. ఆవిడ రెండు మూటల మీదా గుర్తులు వేసుకుని వెళ్ళిపోయింది. ఆ రెండో మూట ఇల్లు దాటి వెళ్తుంటే మా అత్త చూపు దాని మీదే ఉంది. ఇంటి గుట్టు వీధిన పడ్డట్టు చూసింది.

ఆ మూట వెళ్ళిన దగ్గర్నుంచీ నాకు కడగని నల్ల గుసో మీద ప్రాణం కొట్టుకోవడం మొదలైంది. మా అమ్మ వేడి నీళ్ళలో ముంచి తీసి చేతిలో పెట్టేది, ఆ ఉప్పు, ఆ కరకర, ఆ సముద్రపు వాసన. అత్త పెట్టే తెల్లది మెత్తగా ఉండేది, కడుపు నిండేది, కానీ నిండిన కాసేపటికే నీరసం. మెట్లు ఎక్కితే కళ్ళు బైర్లు కమ్మేవి. ఒకరోజు తెర్యోకి అన్నం తీసుకుని పోటు తీసిన ఇసుకలో నడుస్తూ ఉన్నచోటే కూలబడ్డాను. అతనే మోసుకొచ్చాడు. ఆ రోజు మా అత్త చర్చి దాకా మోకాళ్ళ మీద వెళ్ళి వచ్చింది.

మర్నాడు ఆమె తడికలు సర్దుతుంటే నేను పెరట్లోకి వెళ్ళాను. పంది గంపలో ఆ పొద్దున తెచ్చిన తుక్కు ఉంది. ముదురు రంగువి, తాజావి, కొమ్మలు విరిగాయని పక్కన పడేసినవి. ఒకటి తుంచి నోట్లో పెట్టుకున్నాను. తర్వాత ఎన్ని తిన్నానో నాకు తెలియదు. తలెత్తేసరికి మా అత్త ఎదురుగా నిలబడి ఉంది.

ఆమె అరవలేదు. అరిచినా బాగుండేది. నా చెయ్యి పట్టి తొట్టి దగ్గరికి తీసుకెళ్ళి, చిప్పతో మంచినీళ్ళు పోసి నోరు పుక్కిలించమంది. ఒకసారి, మళ్ళీ, మళ్ళీ. తర్వాత నా కడుపు మీద సిలువ గుర్తు వేసింది.

“నీకేం తక్కువ చేశానే? పంది మూతి దగ్గర్నించి లాక్కుని తినాల్సినంత తక్కువ ఏం చేశాను?”

“ఏం తక్కువ చెయ్యలేదత్తా. నోరు ఊరుకోలేదు.”

“నోరు ఊరుకోకపోతే నాకు చెప్పు. ఇంకో కంచం పెడతాను. ఇంకా తెల్లది పెడతాను.”

గోడ అవతల పెత్రాంగ్ విననే విన్నది. ఆమె మా పొరుగు. ఊళ్ళో పుట్టిన మాట ఆమె నోట్లో పడకుండా చర్చికి కూడా చేరదు. సాయంత్రానికల్లా దీవంతా తెలిసింది, తిక్యాంగ్ కోడలు పందితో పొత్తు కలిసిందని. పుట్టబోయేది చీకట్లో కనబడాలంటే మెడలో గంట కట్టాలని ఒకరు, ఎదురు దీవి సంబంధం వద్దంటే విన్నారా అని ఒకరు. నేను నవ్వేశాను. మా అత్త నవ్వలేదు. ఆ రాత్రి అన్నం కూడా తినలేదు.

ఒఫీలియా మళ్ళీ వచ్చేసరికి నాకు ఎనిమిదో నెల. గాలి నడుమ ఇంకో చిన్న తెరిపి. పాలిపోయిన నన్ను చూసి ఆమె ముఖం మారింది. సంచిలోంచి రెండు చిన్న గాజు సీసాలు తీసి బల్ల మీద పెట్టింది. ఒకదాంట్లో బూడిద సగం దాకా ఉంది. రెండోదాంట్లో అడుగున పౌడరు చల్లినట్టు ఉంది, అంతే.

రెండు గుసోలూ ఎండబెట్టి, సమానంగా తూచి, పూర్తిగా కాల్చేశానని చెప్పింది. సగం దాకా ఉన్నది సముద్రంలోంచి తీసింది తీసినట్టు పంపినదాని బూడిద. అడుగంటి ఉన్నది మా అత్త జాడీలోది.

“బూడిదతో మనకి పనేముంది తల్లీ,” అంది మా అత్త. “మనం తినేది బూడిద కాదుగా.”

“కాలేవన్నీ కాలిపోయాక మిగిలేవి ఖనిజాలమ్మా. అబద్ధం ఎందుకు, ఇందులో సగానికి పైగా ఉప్పే. మిగతాదాంట్లో అయోడిన్ ఉంటుంది, ఇనుము ఉంటుంది, ఎముకలకి కావాల్సినవి ఉంటాయి. కడిగిన కొద్దీ అవి నీళ్ళతో పోతాయి.”

“పోయింది మురికే కదా. రంగు.”

“అది మురికి కాదమ్మా. ఆ రంగు కూడా ఒక రకం మాంసకృత్తే. ఎండలో తెల్లబడిందంటే అదీ పోయిందన్నమాట. తెల్లదాంట్లో మిగిలేది జిగురు, పీచు. కడుపు నిండుతుంది, హాయిగానే ఉంటుంది. ఒంటికి పట్టేది తక్కువ.”

మా అత్త సీసా చేతిలోకి తీసుకుంది. ఆ అడుగంటినదే తీసుకుంది. వంచి చూసింది, మూత మీద వేలితో తట్టింది, మళ్ళీ వంచి చూసింది. ఎదురు వాదించడం ఆమెకు వెన్నతో పెట్టిన విద్య. తెర్యో, నేను ఆ వాదం కోసమే చూస్తున్నాం. ఆమె ఒకటే అడిగింది.

“ఇది ఇప్పుడిప్పుడే ఇలా అయిందా అమ్మా? సముద్రం చెడిపోయి? వెనకటి రోజుల్లో తెల్లదాంట్లో కూడా బలం ఉండేదేమో.”

ఒఫీలియాకి ఏం తెలుసు పాపం. పాఠం చెప్పినంత హుషారుగా చెప్పింది.

“లేదమ్మా, ఎప్పుడూ ఇంతే. కడిగితే పోయేది ఎప్పుడైనా పోతుంది.”

తెర్యో తల దించుకుని చేతిలో ఉన్న తాడు ముడి విప్పడం మొదలుపెట్టాడు. గట్టిగా, బాగానే ఉన్న ముడి అది. మా అత్త సీసాని బల్ల మీద నిదానంగా, పగులుతుందేమోనన్నట్టు పెట్టింది. బయటికి వెళ్ళి తడికలు ఒక్కొక్కటే లోపలికి మోసుకొచ్చింది. బయట వాన లేదు, మంచి ఎండ.

పుణ్యానికి పోతే పాపం ఎదురైందంటారు. ఆ మాట అంతవరకూ నేను ఊరికే వాడేదాన్ని.

సాయంత్రం తెర్యో ఒఫీలియాని పక్కకి తీసుకెళ్ళి లుదిన్ సంగతి చెప్పాడు. ఆవిడ నిలువునా నీరైపోయింది. తెల్లారి పడవ ఎక్కే ముందు వచ్చి మా అత్త చేతులు పట్టుకుంది. కడిగిన గుసో తిని ఎవరూ చచ్చిపోరని చెప్పింది. బిడ్డ అడ్డం తిరిగితే పట్నంలో కూడా ప్రాణాలు పోతుంటాయని, నల్లది తిన్నంత మాత్రాన లుదిన్ బతికేదని తాను చెప్పలేనని, అసలు గుసో మందు కాదని, రక్తానికి నర్సమ్మ మాత్రలే మందని చెప్పింది. అన్నీ నిజాలే. ఆవిడ అబద్ధం చెప్పే మనిషి కాదు.

మా అత్త ఆవిడ తల నిమిరింది. “నువ్వు చెప్పింది నిజమే అయ్యుంటుందమ్మా. పెట్టింది మాత్రం నేను,” అంది.

ఒఫీలియా పడవ మలుపు తిరిగాక ఇంట్లోకి వచ్చి రేకు పెట్టె తాళం తీసింది. మాత్రల పొట్లం తెచ్చి నా ముందు పెట్టింది. చెంబుతో నీళ్ళు తెచ్చి పక్కనే నిలబడింది. మింగాను. ఆ రోజు మధ్యాహ్నం నా కంచంలో నల్ల గుసో ఉంది. అలవాటు లేని చేయి, వేడి నీళ్ళలో ఎక్కువసేపు ఉంచింది, కాస్త మెత్తబడింది. అల్లం ఎక్కువైంది. ఆ ముక్క చెప్పలేదు నేను. కంచం ఖాళీ అయ్యేదాకా ఆమె గుమ్మానికి ఆనుకుని నన్నే చూస్తూ ఉంది.

“మీరూ తినండత్తా,” అన్నాను.

“నాకు వద్దులే. నాకు ఏ కాన్పుంది ఇప్పుడు?”

అయినా మర్నాటి నుంచి తనూ అదే తిన్నది. గుప్పెడే తినమంది ఒఫీలియా, గంపెడు కాదు. మా అత్త గుప్పెడే పెట్టేది, తన గుప్పెడు. పక్కన ఒక చేప, మునగాకు పులుసు. ఎక్కడెక్కడివో గుడ్లు కూడా తెచ్చేది. మాత్ర తనే చేతిలో వేసేది. నల్లగా పోతోందా అని రోజూ అడిగేది. పోతోందంటే, పోనీ, అనేది.

జాతరకి తెల్ల గుసో కోసం పెత్రాంగ్ గిన్నె పట్టుకుని వచ్చింది. ఈ ఏడు చెయ్యలేదంది మా అత్త. పెత్రాంగ్ తడికల వైపు చూసింది, తొట్టి వైపు చూసింది. నీళ్ళు అయిపోయాయా, ఓపిక అయిపోయిందా అని అడిగింది.

“రెండూ ఉన్నాయి. కావాలంటే నల్లది పట్టుకెళ్ళు. మా కోడలు తినేదే.”

పెత్రాంగ్ గిన్నె ఖాళీగా పట్టుకెళ్ళింది, నోరు మాత్రం నిండుగా పట్టుకెళ్ళింది. తిక్యాంగ్‌కి మతి పోయిందని ఊరంతా చెప్పుకున్నారు. జాతరలో నల్ల గుసో పెట్టిన ఆమె బల్ల దగ్గరికి ఎవరూ రాలేదు. దీవిలో ఆమెకున్న పేరంతా ఆ తెలుపు మీదే నిలబడింది. అది ఒక్క పూటలో పోయింది. నాకు ఆ రోజు నిజంగా ఏడుపొచ్చింది. ఆమె మాత్రం మిగిలిన గుసో అంతా తిరిగి మోసుకొచ్చి, రేపటికి పనికొస్తుందని మూత పెట్టింది.

నొప్పులు వచ్చిన రోజు పడవలు లేవు. నర్సమ్మ ముందురోజే మా దీవిలో ఎవరికో జ్వరమని వచ్చి గాలికి చిక్కుబడిపోయింది. అది నా అదృష్టం. మొదట నా రెప్ప లాగి చూసింది. చేతులు కడుక్కోవడానికి లేచింది. మా అత్త ఆమె దారికి అడ్డంగా నిలబడింది.

“ఏ రంగులో ఉంది?”

“ఎర్రగా లేదు. తెల్లగానూ లేదు,” అంది నర్సమ్మ. “పని జరుగుతుంది. తప్పుకో.”

బిడ్డ తిన్నగానే వచ్చింది. ఆడపిల్ల. తర్వాత రక్తం పోయింది, చాలానే పోయింది. నర్సమ్మ నా కడుపు నొక్కుతూనే ఉంది, మా అత్త పాత గుడ్డలు అందిస్తూనే ఉంది. ఆమె ముఖం నేను చూడలేకపోయాను. అటు తిరిగి ఉంది. నా కాళ్ళ దగ్గర నిలబడి, ఒక్కొక్క గుడ్డా ఎంత తడిసిందో చూస్తోంది. మధ్యాహ్నం దాటాక ఒక గుడ్డ పొడిగా వచ్చింది. దాన్ని ఆమె నర్సమ్మకి చూపించింది. నర్సమ్మ తల ఊపింది. అప్పుడు మా అత్త నేల మీద కూలబడి, ఆ గుడ్డ మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. అంతకాలంలో ఆమె ఏడవగా చూడడం నాకదే మొదటిసారి.

మాత్రలు కాపాడాయో, తిండి కాపాడిందో నేను చెప్పలేను. తర్వాత ఎప్పుడో ఒఫీలియాని అడిగితే మాత్రలే అంది.

పిల్లని చూడ్డానికి పెత్రాంగ్ వచ్చింది. ఉయ్యాల్లోకి వంగి, అచ్చం మీ రంగే తిక్యాంగ్, అంది. అవునంది మా అత్త. గొంతు కూడా నాదే, దగ్గరికి పోకు, చెవులు పోతాయి, అంది.

పిల్ల పుట్టిన వారానికి ఆత్మల పండగ వచ్చింది. ఆ రోజు పోయినవాళ్ళకి పెట్టకుండా ఇంట్లో ఎవరూ నోట్లో ఏమీ వేసుకోరు. పునీతుడి బొమ్మ ముందు శుభ్రమైన గుడ్డ పరిచి, కొవ్వొత్తులు వెలిగించి, ఎవరికి ఇష్టమైనది వాళ్ళకి పెడతారు. కొబ్బరిపాలు, బెల్లం వేసి వండిన జిగురు బియ్యం అందరికీ. మామయ్యకి ఎండుచేప, గ్లాసుడు కల్లు. నేను పిల్లని ఒళ్ళో వేసుకుని మంచం మీద నుంచి చూస్తున్నాను. తెర్యో కొవ్వొత్తులు గాలికి ఆరకుండా అరచేతులు అడ్డం పెట్టాడు.

లుదిన్‌కి పెట్టాల్సిన చోటు ఖాళీగా ఉంది. మా అత్త వంటింట్లోకి వెళ్ళి చాలాసేపు రాలేదు. వచ్చేటప్పుడు రెండు చేతులతో ఒక కంచం పట్టుకొచ్చింది. ఆ పొద్దున సముద్రంలోంచి తీసిన గుసో, ముదురు గోధుమ రంగు, ఇంకా తడి మెరుస్తోంది. కంచం కింద పెట్టి, అంచు గుడ్డకి సమంగా సర్దింది. తర్వాత, పిల్లల్ని అన్నానికి పిలిచే గొంతుతో అంది:

“తిను తల్లీ. కడగలేదు.”